పురిటికట్ట అమ్మ తూము

2021 నవంబరు 18, గురువారం. తెల్లవారకముందే పట్టిన ముసురు మధ్యాహ్నమైనా విడవలేదు; తూర్పుగాలికి కట్ట మీద గొడుగు నిలవలేదు. ఆ వానలోనే ఆ ఏటి మొదటి వలస కొంగలు పురిటికట్ట చెరువుకు దిగాయి.

బస్సు దిగి వచ్చే యాత్రికులకు గుడి వెంటనే కనిపించదు. తూము పక్కన నడుమెత్తు రాయి, దాని మీద రేకు కప్పు, అంతే. ఆ రేకులు వేయించిన రిటైర్డు పోస్టుమాస్టరుగారు తన పేరు రాయమని ఎన్నడూ అడగలేదు కనుక ఇక్కడ రాయడం లేదు. రాయి రెక్కలు విప్పి నిలిచిన పక్షిలా ఉంటుంది. దర్శనానికి వచ్చే గర్భిణిని ఎన్నో నెల అని అడగకూడదన్నది ఇక్కడి కట్టుబాటు.

పూర్వం ఇక్కడ చెంచురామయ్య అనే నీరుగంటి ఉండేవాడు. తూము ఎత్తి దించి చెరువు నీటిని పొలాలకు పంచడం అతని పని. అందుకు ఊరిచ్చిన మాన్యం తూము కిందనే ఉండేది. కార్తికంలో వానలకు చెరువు నిండితే, నీళ్ళలో నిలిచిన కడప చెట్ల మీద కొంగలు గూళ్ళు కట్టేవి. చుట్టూ నీళ్ళుంటే నక్క రాదు, జంగుపిల్లి రాదు. పిల్లలకు పెట్టడానికి చేపలకు కొదవుండదు. శివరాత్రికి పిల్లలు ఎగిరేవి. ఆ మరునాడే రెండో పంటకు తూము పూర్తిగా ఎత్తేవారు. తాతల నాటి ఆ గడువును చెంచురామయ్య ఎన్నడూ తప్పలేదు.

ఒక ఏడు కార్తికం ఎండగా పోయి, వానలు పుష్యంలో పడ్డాయి. కొంగలు వాన చూసుకుని వచ్చాయి, ఆలస్యంగా గుడ్లు పెట్టాయి. శివరాత్రి నాటికి పిల్లల ఒంటి మీద నూగు తప్ప ఈకలు లేవు. అయినా చెంచురామయ్య మరునాడు స్నానం చేసి, కొబ్బరికాయ కొట్టి, తూము ఎత్తాడు. కొద్ది రోజుల్లోనే పడమటి చెట్ల కింద బురద తేలింది. బురదలో పిల్లి అడుగులు పడ్డాయి. ఆ పక్క గూళ్ళు ఖాళీ అయ్యాయి.

అతని కూతురు ఓబులమ్మ అప్పుడు తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. మంత్రసాని చెప్పిన రోజులు దాటినా నొప్పులు రాలేదు. "శివరాత్రి పోయింది గదా నాయనా, నన్ను కూడా గడువు ప్రకారం కనమంటావా?" అని గడపలోంచి అడిగింది.

"అట్లాంటి మాటలు అనబాకమ్మా" అన్నాడు గాని, అతనికి అన్నం సహించలేదు.

మధ్యాహ్నం కట్ట మీద కునుకు పట్టింది. కలలో తడిచీర కట్టిన ఒక తల్లి రెండు చేతులూ చాచి ఎండకు అడ్డంగా నిలబడి, "నా పురుడు తీరలేదయ్యా. అప్పుడే నీళ్ళు తీసేశావేమి?" అంది. కళ్ళు తెరిస్తే తూర్పు చెట్ల మీద తల్లికొంగలు రెక్కలు విప్పి పిల్లలకు నీడ పడుతున్నాయి. అతను పరుగున పోయి తూము దించాడు.

సాయంత్రానికి రైతులు కట్టెక్కారు. "ఏమిరా చెంచురామా, మీ ఇంటికి రాని పురుడు చెరువుకు పట్టిందా?" అన్నాడు పెద్దరైతు నర్సారెడ్డి. అందరూ నవ్వారు. ఎగతాళికి అన్న ఆ మాటే తరువాత కట్టకు పేరైంది.

"తూము కింద మొదటి మడి నాదేనయ్యా. అది ఎండినాక నన్ను తిట్టండి" అన్నాడు చెంచురామయ్య.

అతని మాన్యం నిలువునా ఎండింది. తక్కినవారికి సగం పంట దక్కింది. ఓబులమ్మ నిదానంగా, సుఖంగా కొడుకును కన్నది. తూర్పు చెట్ల పిల్లలు ఈకలు తొడిగి ఎగిరాయి. పడమటి గూళ్ళ వైపు మాత్రం చెంచురామయ్య చాలాకాలం చూడలేకపోయాడంటారు. చివరి పిల్ల ఎగిరాక ఎత్తిన తూము నోట ఒండ్రులోంచి ఈ రాయి బయటపడింది. కొంగల రెట్ట కలిసిన ఆ నీటికి మరుసటి పైరు ఎరువు లేకుండానే పచ్చబడింది. రాతికి తొలి పసుపు పూసింది నర్సారెడ్డే.

నేటికీ చివరి పిల్ల ఎగిరేదాకా ఇక్కడ తూము ఎత్తరు. వాన ఆలస్యమైన ఏడు ఊరు ఆలస్యంగా నాటుతుంది. అమ్మను తలచిన వారికి సుఖప్రసవం కలుగుతుందని నమ్మకం.

చెంచురామయ్య పోయాక ఇల్లు పెద్దకొడుక్కు, ఎడ్లు చిన్నకొడుక్కు వచ్చాయి. మాన్యం ఇద్దరూ పంచుకున్నారు. తూము ఎత్తే హక్కు ఓబులమ్మకు దక్కింది; అది తల్లి నుంచి కూతురికే పోతుంది. కనుక ఆ ఏడు పుట్టిన ఆమె కొడుకు పెంచలయ్యకు ఏమీ రాలేదు. ఎవరైనా జాలిపడితే, "తొందరపెట్టకుండా పుట్టనిచ్చినారు గదబ్బా, ఇంకేమి కావాలి?" అనేవాడట.