నక్క లాగిన లైను, కోడి పెట్టిన వాలు

గేదెల కొట్టం మెరకలో, కోళ్ల గూడు పల్లంలో. కొట్టంలోని మురుగంతా వచ్చి గూటి ముందు మడుగు కట్టేది. అందులో జారిపడి కోడిపెట్ట సవలమ్మ పిల్లలు రెండు అప్పటికే పోయాయి. మిగిలిన పిల్లల్ని ఆ పెట్ట రెక్కల కింది నుంచి కదలనివ్వడం లేదు.

అప్పుడు దిగాడు కంట్రాక్టరు నక్క నాగభూషణం.

"మరదలా! నీ గుమ్మం నుంచి మా పొద దాకా పెద్ద గొట్టాలు వేయిస్తా. పైసా వద్దు. సంఘసేవ!"

"వరసలు తర్వాత కలుపుదువుగానీ, వాలు ఎవరు చూస్తారు?"

"లైను లాగడం మగాడి పని. కింద మట్టి సర్దడం, వాలూ గీలూ మీ ఆడాళ్లు చూసుకోండి."

"భలే చెప్పావు బావా!" అని గోడ మీది పుంజు మెడ సాచి మెచ్చుకున్నాడు.

నాగభూషణం దారం కట్టి, ఒక కన్ను మూసి, గొట్టాలు బారుగా పేర్పించాడు. సవలమ్మ ఒక్కో గొట్టం కింద మట్టి గీకుతూ, పొద వైపు రవ్వంత దించుతూ పోయింది. నీళ్లు పోసి చూస్తే చుక్క నిలవలేదు.

నక్క పొద దగ్గర వంగి గొట్టంలోకి చూశాడు. "అటు చివర నువ్వు ఎంత చక్కగా కనిపిస్తున్నావు మరదలా! లైను కుదిరింది!"

సవలమ్మ కూడా ఇటు నుంచి వంగి చూసింది. దానికీ చక్కగానే కనిపించింది, చొంగ కారుతున్న నాలుక. గొట్టం నక్క పట్టేంత వెడల్పు ఎందుకో అప్పుడు తెలిసింది. ముందు పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది. తర్వాత తను పెట్టిన వాలు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

తిన్నగా గేదె నీలాలు దగ్గరికి పరిగెత్తింది. "వదినా, కొట్టం తూముకి గడ్డి చుట్ట అడ్డం పెట్టు. నేను అరవగానే లాగెయ్."

"ఇవాళ మా అందరికీ కడుపు బాగాలేదే!"

"అంతకంటే భాగ్యమా!"

మధ్యాహ్నం గొట్టంలో గోళ్ల చప్పుడైంది.

"లైను ఎలా ఉంది బావా?"

"సూటిగా ఉంది మరదలా, వచ్చేస్తున్నా!"

"మరి వాలు కూడా చూసి పో! వదినా, లాగు!"

నీలాలు లాగింది. పేడ, ఉచ్చ, మిగిలిన కుడితి గుడగుడమంటూ దిగాయి. నాగభూషణం తోక ముందు, మూతి వెనకగా జారి, పొద దాటి అవతలి గుంటలో దబ్బున పడ్డాడు. ఊళ వేద్దామని నోరు తెరిచి, రుచి తగలగానే మూసుకున్నాడు.

నీతి: ఆడవాళ్ల మీద పడేసిన పనిని ఒకసారి చూసుకుని మరీ లోపల దూరండి, మురుగు ఎవరి మీదికి పోవాలో తేలేది అక్కడే.