కత్తిముక్కు కట్టిన పాట

నేను కాకిని. ముందే చెప్తున్నా, ఇది నవ్వుకునే కథ కాదు. నవ్వుదామని వచ్చినవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు, నాకేం కోపం రాదు. వస్తుంది గానీ, పర్లేదు.

గుట్ట పక్కన మూసేసిన కంకర క్వారీ ఒకటి ఉంది. మనుషులు రాయంతా తవ్వుకుని పోయాక ఆ గుంట మాదైంది. కౌజు పిట్టలు, కుందేళ్ళు, గోరింకలు, ఉడతలు, కాకులం మేము, అందరం అక్కడే. మూడు వైపులా నిట్టనిలువు రాయి. లోపలికి రావాలన్నా పోవాలన్నా ఒకప్పుడు లారీలు దిగిన బాట ఒక్కటే. రెక్కల మీద తిరిగేవాడికి ఫర్వాలేదు. కాళ్ళ మీద బతికేవాడికి ఆ బాట తప్ప దిక్కు లేదు.

మాకో అలవాటు ఉండేది. పొద్దు గూకే వేళకి మేత ముగించుకుని అందరం గుంటలో చేరేవాళ్ళం. వడ్రంగి పిట్ట వీరాచారి ఎండిన మోడు మీద టకటకా దరువు వేసేవాడు. ఒక్కొక్కరే మధ్యలోకి వచ్చి, ఆ దరువుకి మాట కలిపి, ఆ రోజు చూసింది చెప్పేవాళ్ళు. పట్నంలో కుర్రాళ్ళు ర్యాప్ అంటారే, అచ్చం అదే. షరతు ఒక్కటే, సొంత కళ్ళతో చూసిందే చెప్పాలి. నాలుగు ముక్కలు అవగానే "చూశావా?" అని మేమంతా గద్దించేవాళ్ళం. "చూశా!" అని గట్టిగా అనగలిగితేనే తర్వాతి ముక్క. నీళ్ళు నమిలినవాడిని అక్కడే కూర్చోబెట్టేవాళ్ళం.

అందులో మొనగత్తె కౌజు పిట్ట నూకాలమ్మ. ఏడుగురు పిల్లల తల్లి. ఆమె ఇలా ఎత్తుకునేది:

"తుమ్మ చెట్టు కింద తడి మట్టి ఉంది,
తడి మట్టి మీద గోళ్ళ గుర్తు ఉంది,
గుర్తు పక్క ఈక ఉంది, ఈక మీద నెత్తురుంది,
అటు పోకండర్రా, నక్క పొంచి ఉంది!"

అంతే. మర్నాడు తుమ్మ వైపు ఒక్క పురుగు కూడా పోయేది కాదు. నక్క జంబయ్య పొద్దంతా పొదలో కాచుకుని, ఉత్త కడుపుతో ఇంటికి పోయేవాడు. రోజుకో పొద మార్చినా అదే వరస. డొక్కలు లెక్కపెట్టొచ్చు, అలా అయిపోయాడు.

నూకాలమ్మ దగ్గరే నేర్చుకున్నాడు గోరింక పోలయ్య. ఆమెని అత్తా అని పిలిచేవాడు. గురువుని మించాడు, కాదనను. వాడు మాట ఉరికిస్తుంటే కుందేళ్ళు నమలడం మానేసి వినేవి.

ఒక మధ్యాహ్నం పోలయ్య గుట్ట మీద బండపై ఒంటరిగా కూర్చుని ఉంటే, కింద నుంచి జంబయ్య పలకరించాడు.

"పోలయ్యా, నీ గొంతు ఆ గుంటలో పడి కుళ్ళిపోతోందయ్యా!"

"నీకెందుకు? నువ్వు నక్కవి."

"నక్కనే. నక్కకి చెవులుండవా? గుట్ట అవతల మూడు అడవులున్నాయి. నువ్వు కూర్చున్న బండ మీంచి చెప్తే మూడింటికీ వినబడుతుంది. కానీ మీ తుమ్మ చెట్టు, మీ తడి మట్టి, వాళ్ళకెందుకు చెప్పు? వాళ్ళు ఆ చెట్టుని చూశారా పెట్టారా?"

"మరేం చెప్పాలి?"

"నీ గురించి చెప్పు. మొనగాణ్ణని చెప్పు. అందర్నీ హడలగొట్టానని చెప్పు. పోలయ్య ఏం పేరు, చీ! కత్తిముక్కు అను."

"ఎవర్ని హడలగొట్టానని చెప్పను?"

జంబయ్య పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. "నన్నే! నక్క తోక పీకానను. నేనేం అనుకోను. తిట్టించుకుంటే అరిగిపోతానా?"

తనని తిట్టమని తనే చెప్పిన శత్రువుని చూస్తే ఎవరికైనా ఒళ్ళు జలదరించాలి. పోలయ్యకి జలదరించలేదు. మూడు అడవులు అన్న మాట ఒక్కటే చెవికెక్కింది.

మర్నాడు బండ మీంచి ఎత్తుకున్నాడు:

"నక్కొచ్చింది, నక్కొచ్చింది, గుట్ట దిగొచ్చింది,
కత్తిముక్కు చూడగానే గజగజ వణికింది,
తోక పీకి చేతికిస్తే ఏడ్చుకుంటూ పోయింది!"

మూడు అడవులూ లేచి ఊగాయి. సాయంత్రం గుంటలో కూడా అదే చెప్పాడు. నూకాలమ్మ అలవాటు ప్రకారం "చూశావా?" అంది. పోలయ్య మొహం చిట్లించాడు.

"ఇంత పెద్దవాణ్ణి పట్టుకుని చూశావా అంటావేంటత్తా? నలుగురిలో పరువు తీస్తావా? అబ్బో అనండి చాలు."

మేం అబ్బో అన్నాం. నేనూ అన్నా. అబద్ధమెందుకు, ఆ ఊపు బాగుంది.

ఇక చూసుకోండి తమాషా. నెల తిరక్కుండా గుంటలో ప్రతి పిల్లా కత్తిముక్కే. పొడిచే ముక్కే లేని కుందేళ్ళు కూడా మూతికి ఎర్రమట్టి పూసుకుని తిరిగాయి. ఆకు కొరకడం రాని ఉడత నాలుగు నక్కల్ని చంపానంది. వీరాచారి దరువు ఎంత పెంచాడంటే మాట వినబడటం మానేసింది, వినబడకపోయినా ఎవరికీ లోటనిపించలేదు. వాగు గట్టు మీద ఏముంది, తుమ్మ కింద ఏముంది, ఎవరూ చెప్పడం లేదు. జంబయ్య ఒళ్ళు చేశాడు. అది మాత్రం ఎవరూ పాటలో పెట్టలేదు.

ఒకరోజు నూకాలమ్మ మధ్యలోకి వచ్చింది. దరువు కోసం ఆగలేదు.

"పొద్దున ఏడుగురితో పోయా. నలుగురితో వచ్చా. వాగు గట్టు మీద..."

"అమ్మమ్మా, ఏడుపులొద్దు. ఊపుండేది చెప్పు!" అరిచింది ఒక కుర్ర కుందేలు.

"నా పిల్లలురా! ముగ్గుర్ని నా కళ్ళ ముందే..."

ఎవడో నక్కొచ్చింది పాట అందుకున్నాడు. మిగతావాళ్ళు అబ్బో అన్నారు. నూకాలమ్మ తిన్నగా పోలయ్య దగ్గరికి వెళ్ళింది.

"ఒరే పోలయ్యా, నిన్ను చూసి చెడిపోయారురా వీళ్ళు. నువ్వే చెప్పు. నువ్వు చెప్తే వింటారు. ఒక్కరోజు, పాత పద్ధతిలో, వాగు గట్టు సంగతి చెప్పు."

"చెప్తే ఎవరొస్తారత్తా? ఎల్లుండి మూడు అడవులూ నా పాట వినడానికి ఇక్కడికి వస్తున్నాయి. ఆ గోల అయిపోనీ. తర్వాత చెప్తా, నీ మీద ఒట్టు."

"ఎల్లుండికి నాకెంతమంది మిగులుతారో!" అని నూకాలమ్మ వెళ్ళిపోయింది. పోలయ్య ఆ పూట మేత ముట్టలేదు. అయినా చెప్పలేదు.

ఆ రోజు రానే వచ్చింది. గుంట కిటకిటలాడిపోయింది. ఇంత జనాన్ని నేనెప్పుడూ చూడలేదు. పోలయ్య రాతిగోడ అంచున నిలబడ్డాడు, అక్కణ్ణుంచి లారీ బాట అంతా కనబడుతుంది. నోరు తెరవబోయి బాట వైపు చూశాడు. ఒకటి కాదు, ఎనిమిది నక్కలు. ముందు జంబయ్య. పరుగు కూడా లేదు, తీరిగ్గా నడిచి వస్తున్నాయి.

"నక్కొచ్చింది!" అని కేక పెట్టాడు పోలయ్య. "నక్కొచ్చింది!"

"అబ్బో!" అంది గుంట మొత్తం.

"పాట కాదురా! నిజంగా! బాట మీద, ఎనిమిది! లేవండి!"

"అబ్బో! అబ్బో!" కొత్త ముక్క కదా, బాగా నచ్చింది. వీరాచారి దరువు రెట్టింపు చేశాడు. పోలయ్య గొంతు చీలిపోయి ఏడుస్తుంటే, ఏం పలుకుతున్నాడ్రా అని మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నా. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

ఒక్క నూకాలమ్మకే అర్థమైంది. జనంలో పడి పిల్లల్ని వెతికింది. ఇంకా ఎగరడం రాని ఆ నలుగురూ ముందు వరసలో గంతులేస్తున్నారు.

"రండర్రా, పోదాం, రండి!"

"ఉండమ్మా, ఇప్పుడేగా అసలు ఊపు వచ్చింది!"

ఆమె ఇంకేం అనలేదు. నలుగురి ముందూ రెక్కలు చాపుకుని బాట వైపు తిరిగి నిలబడింది. ఎంతసేపు నిలబడగలదు?

పోలయ్య గోడ మీంచి దూకి జంబయ్య నెత్తి మీద పడ్డాడు. పొడిచాడు, పొడిచాడు. కత్తి కాదుగా, గోరింక ముక్కు. జంబయ్య తల విదిలించి, "బాగా పాడావు పోలయ్యా, ఇంత బాగా ఎప్పుడూ పాడలేదు" అని తన పని చూసుకున్నాడు. ఎగరగలిగినవాళ్ళం ఎగిరిపోయాం. మిగతాది నన్ను అడగొద్దు.

పది రోజులకి పోలయ్య అవతలి అడవికి పోయాడు. జరిగింది జరిగినట్టు చెప్పాలని. నేనూ వెంట వెళ్ళా. వాణ్ణి చూడగానే పిల్లలంతా చుట్టూ మూగారు.

"నేను చూసింది చెప్తా, వినండి. మా గుంటలో నూకాలమ్మ అని..."

"అది కాదన్నా! ఆఖర్న అన్నావంట చూడు, అది అను!"

"ఏది?"

ఒక కౌజు పిల్ల ముందుకొచ్చి, మెడ నిక్కించి, కళ్ళు మూసుకుని అరిచి చూపించింది. "పాట కాదురా! నిజంగా! లేవండి!" గొంతు ఎక్కడ చీలిందో అక్కడే చీల్చింది, ఎక్కడ ఏడుపొచ్చిందో అక్కడే ఏడ్చింది. మిగతావాళ్ళు అబ్బో అని గంతులేశారు. ఇప్పుడు మూడు అడవుల్లోనూ అదే పద్ధతట.

పోలయ్య మళ్ళీ మొదట్నుంచి చెప్పబోయాడు. ముక్కు తెరిచాడు, మూశాడు. ఏం చెప్పినా పాటే అవుతుందని అప్పటికి తెలిసింది వాడికి. వాళ్ళ వెనక పొదలో రెండు చెవులు నాకు కనబడుతూనే ఉన్నాయి. కావు కావుమని గొంతు పోయేలా అరిచా. కాకి గోల అని తరిమేశారు.

నీతి ఏంటంటే: పదిమందికీ ఏది వినడం అలవాటు చేస్తావో, ప్రాణం మీదికి వచ్చిన నాడు కూడా వాళ్ళకి అదే వినబడుతుంది.