అలివేలు బిళ్ళ, సింహాద్రి కొసరు

అనగనగా ఒక పింగాణీ కప్పుల ఫ్యాక్టరీ తల్లీ, అందులో అలివేలు అని ఒక కెమిస్టు. ఒక కొత్తరకం బిళ్ళ చెయ్యాలని ఆమె తాపత్రయం. ఆ బిళ్ళకి ఒక పక్క గాలి, ఇంకో పక్క హైడ్రోజన్ పెట్టి బాగా వేడిచేస్తే, గాలిలో ఆక్సిజన్ బిళ్ళలోంచి నడుచుకుంటూ అవతలికి పోతుంది. అక్కడ హైడ్రోజన్‌తో కలిసేటప్పుడు కరెంటు పుడుతుంది.

మేనేజరు గారు మూడంటే మూడే బిళ్ళలకి ఒప్పుకున్నారు. మూడూ పోతే బట్టీ కప్పులవాళ్ళకి ఇచ్చేస్తారు. అలివేలు కప్పుల మీద గులాబీలు అతికిస్తూ కూర్చోవాలి.

మొదటిసారి జిర్కోనియా అనే తెల్లటి పింగాణీ పొడిలో కాస్త ఇట్రియా అనే ఇంకో పొడి కలుపుతానంది. "కల్తీయా? మన ఫ్యాక్టరీలోనా?" అని మేనేజరు గారు ఒంటికాలి మీద లేచారు. సరేనని ఉత్త జిర్కోనియానే కాల్చింది. వేడిలో దాని లోపలి అణువులు వరసగా, పద్ధతిగా నిలబడ్డాయి. చల్లారేటప్పుడు వరసలన్నీ పక్కకి ఒరిగాయి, బిళ్ళ కాస్తా పటుక్కున పగిలింది. "నీకు చేతకాలేదు" అన్నారాయన! ఒళ్ళు మండదూ మరి?

ఆ తర్వాత ఇట్రియాకి ఒప్పుకున్నారు. వందకి ఎనిమిది పాళ్ళు. స్టోరులో తూచేది సింహాద్రి. అంతకుముందు ముప్పై ఏళ్ళు కిరాణాకొట్లో తూచిన చెయ్యి అది. ఈసారి వరసలు ఒరగలేదు, బిళ్ళ పగల్లేదు. కానీ దానికి తగిలించిన దీపం మిణుకుమిణుకుమంది, అంతే. అలివేలు తల పట్టుకుంది. వారం రోజులు లెక్కలు తిరగేసింది. ఏమీ తేలక, మూడోసారి తూచేటప్పుడు స్టోరుకెళ్ళి నిలబడింది. సింహాద్రి తూకం సరిచూసి, పైన ఇంకో రెండు చెంచాలు ఇట్రియా వేశాడు.

"బాబాయ్! అదేంటి?"

"కొసరమ్మా. కిందటిసారీ వేశా. నీకు తక్కువ చేస్తానా?"

అలివేలుకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "ఇట్రియా వేస్తే వరసల్లో అక్కడక్కడా ఖాళీ చోట్లు పడతాయి బాబాయ్. ఆక్సిజన్ ఒక ఖాళీలోంచి ఇంకో ఖాళీలోకి గెంతుతూ పోతుంది. మరీ ఎక్కువేస్తే ఆ ఖాళీలు ఇట్రియాకే అతుక్కుని కదలవు. ఇంక ఆక్సిజన్ ఎలా పోతుంది?"

సింహాద్రి అంతా విన్నాడు. "పోన్లే, ఒక్క చెంచా వేస్తా" అన్నాడు.

అప్పుడు అలివేలు చెంచా లాక్కుంది. చేతులు కట్టుకుని నిలబడమంది. తనే మళ్ళీ తూచింది, కలిపింది, కాల్చింది. ఇదీ పోతే ఇంక గులాబీలే.

బిళ్ళ పగల్లేదు. దీపం నిండుగా వెలిగింది! సింహాద్రి కళ్ళు తుడుచుకున్నాడు. మేనేజరు గారు మీసం దువ్వి, "కలపమని నేను మొదటే చెప్పలా?" అన్నారు.

అలివేలు బట్టీ గది తాళంచెవి ఆయన చేతిలోంచి తీసుకుని తన కొంగున ముడేసుకుంది.

కథేమో కంచి బండెక్కె,
కళ్ళకేమో కునుకెక్కె,
కాళ్ళు ముడుచుకో తల్లీ, దుప్పటి నీ పక్కకే దక్కె!