ప్రదక్షిణ లేని అమ్మ

తిరగగూడదు నాయనా, ఈ అమ్మ చుట్టూ తిరగగూడదు. యా గుడికి పోయినా చుట్టూ తిరుగుతారు గదా, ఈడ మాత్రం ఎదురుగా వచ్చి, ఎదురుగా కూచ్చోని, వచ్చిన దోవనే పోవాల. నువ్వు గుడి పుస్తకంలో రాస్తానంటివి గాబట్టి ఈ ఫోన్‌లోకి చెప్తాండా, ఇను.

రాతిలో చూడు, అమ్మ కాళ్లు చాపుకోని కూచ్చోనుంది. చేతిలో కత్తి లేదు, శూలం లేదు. పూర్వం ఇది గుడి గాదు, మా ఊరికీ పక్కూరు ముసలికుంటకూ నడిమి బండ్ల దోవ. అమ్మ అప్పటికి అమ్మ గాదు, మా అక్క చెన్నక్క.

ఓట్ల కాలం. రచ్చబండ కాడ మా పార్టీ జెండా కట్టె ఇరిగిపడింది. ముసలికుంటోళ్లే ఇరిచినారని ఊరంతా అనబట్టె. మొగోళ్లు కొడవండ్లు తీసుకోని బయల్దేరినారు. అక్కకు ఒక్కగానొక్క కొడుకు రంగప్ప, వాడూ వాళ్లల్లో ఉండాడు. అక్క పోయి దోవకు అడ్డం కాళ్లు చాపుకోని కూచ్చునింది.

"చూసినోడు దాటండి," అనింది.

"ఏం చూడాల వదినా?" అన్యాడు ఓబులేసు.

"కట్టె ఇరిచింది ఎవురో చూసినోడు."

"నాగన్న చెప్పినాడులే."

నాగన్నను అడిగితే, లీడరు ఇంటికాడ అనుకుంటాంటే ఇన్యానన్యాడు.

"ఆ కట్టెకు బర్రె ఎంటికలు అంటుకోనుండాయి. కింద పేడ గూడా ఉంది. పోయి చూసి రాండి."

అందరూ నవ్వినారు. "ఆ బర్రెది ఏ పార్టీ వదినా?"

"దానికి గోక్కునేదానికి కట్టె దొరికితే చాలు. పార్టీలు మీకే."

రంగప్ప ముందరికొచ్చినాడు. "లెయ్‌మా. నలుగురిలో నా మర్యాద తీయొద్దు."

"నువ్వు చూస్తివా రా?"

"లేదు. అందరూ పోతాంటే నేను ఇంట్లో కూచ్చునేదా?"

"కూచ్చో. సంగటి చేసిపెట్టినా."

కాళ్లు చాపుకున్న ఆడమనిషిని దాటేది మా తావ తప్పు. అందుకని ఎవురూ దాటలేదు. పక్కన చేన్లోకి దిగి, ఆమె చుట్టూ తిరిగి పోయినారు, రంగప్ప గూడా. మనిషిని నరికేది తప్పని మాత్రం ఒకరికీ తోచలేదు. రచ్చబండ ఎంత దూరమని? పోయి ఆ కట్టె చూసొచ్చినోడు ఒక్కడూ లేడు.

అక్క లెయ్యలేదు. కొడుకు మళ్లా ఆ దోవనే రావాల గదా. పొద్దు గుంకినాక వచ్చింది ముసలికుంటోళ్లు. వాళ్లనీ అదే అడిగిందంట, చూసినోడు దాటండని. తర్వాత వాళ్లే చెప్పినారు. మావోణ్ని నరికింది కండ్లారా చూసినాం అన్యారంట. వాళ్లు చుట్టూ తిరగలేదు.

ఇప్పుడు రెండూళ్లకూ ఒకే జాతర. కోపంతో ఎవురొచ్చినా, కుంకుమ పెట్టేముందు పూజారమ్మ అడుగుతుంది, చూసినావా, ఇన్యావా అని. ఇన్యానంటే సంగటి ముద్ద చేతిలో పెట్టి, ఇది తిని పోయి చూసిరా అంటుంది. చూసినాననే వానికీ ముద్దే, తినేదాకా కూచ్చోమంటుంది. పోయినోళ్లు శానామంది మళ్లా కొడవలి పట్టుకోని రాలేదు. అమ్మ ఇచ్చే వరం అదేనంటారు. ఓట్లొచ్చినప్పుడు ముద్దలు ఎక్కువ చేస్తారు.

పేర్లు గూడా రాసుకో. తెల్లారేసరికి ముసలికుంట కుమ్మర మాదన్న లేడు. మా రంగప్ప లేడు. అక్క లేదు.