నెమరెయ్యని దొర

ఏడుగుట్టల అడవిలో కాటుకమ్మ అనే గేదె ఉండేది. గేదె అంటే పెరట్లో కట్టేసే గేదె అనుకునేరు! ఆమె కొమ్ములు ఎంత పొడుగంటే, పొద్దు ఎడమ కొమ్ము మీద పొడిచి కుడి కొమ్ము మీద గూట్లో పడేది. ఆమె మడుగులోకి దిగితే నీళ్లు గట్టెక్కి మూడు బీళ్లు తడిపేవి. పైకి లేస్తే మడుగెండిపోయిందనుకుని కప్పలు మూటాముల్లె సర్దుకునేవి. ఇందులో సగం కొట్టేసినా, మిగిలిన సగం మామూలు గేదె మోయలేనంత బరువు.

ఆ మడుగు పక్క పొదలో రవ్వమ్మ అనే అడవికోడి పదకొండు గుడ్లు పొదుగుతోంది. మేతకు వెళ్లే ప్రతిసారీ "అక్కా, నా పిల్లలు నీ కాపలా" అని చెప్పి మరీ వెళ్లేది. కాటుకమ్మ పొదకు అడ్డంగా పడుకుందంటే పాము కాదు గదా, పాము నీడ కూడా అటు పాకేది కాదు.

ఆ గుడ్లు జంబయ్య అనే నక్క కంట్లో పడ్డాయి గానీ కడుపులో పడలేదు. రెండుసార్లు ప్రయత్నించాడు. రెండోసారి తోకలో మూడో వంతు కాటుకమ్మ గిట్ట కింద వదిలేసి పరిగెత్తాడు. బలంతో కాని పని మాటతో అవుతుందని నక్కజాతికి ఎవరూ నేర్పక్కర్లేదు. జంబయ్య గొట్టం వైపు చూశాడు.

ఎప్పుడో మనుషులు నీళ్లకని వేసి, నీళ్లు రాక వదిలేసిన ఇనుప గొట్టం అది. పై కొస మడుగు గట్టున, కింది కొస అవతలి లోయలో. ఇక్కడ రాయితో కొడితే అక్కడ మోగేది, అక్కడ మాట్లాడితే ఇక్కడ వినిపించేది. అడవి జంతువులన్నీ మంచిచెడ్డలు అందులోనే చెప్పుకునేవి.

ఇక పన్ను సంగతి. అడవిలో మేసే ప్రతి జీవీ ఏడాదికో గడ్డిమోపు కట్టాలి. కరువొస్తే అందరికీ అదే మేత. వసూలు చేసేది కొండలదొర అనే అడవిదున్న. ఆయన పద్ధతి దూడలకు కూడా తెలుసు. మిట్టమధ్యాహ్నం నాలుగు దారుల కూడలికి తానే వస్తాడు. నలుగురి ముందూ పేరు పెట్టి పిలుస్తాడు. మోపు తీసుకుని, తడి బంకమట్టి మీద తన గిట్ట ముద్ర వేసిస్తాడు. ఆ మట్టిబిళ్లే రసీదు.

ఒక ఉదయం కాటుకమ్మ కడుపునిండా గరిక మేసి వచ్చి పొద ముందు కూలబడింది. రవ్వమ్మ అప్పుడే మేతకు వెళ్లింది. టంగు టంగుమని గొట్టం మోగింది.

"ఎవరూ?"

"ఎవరా? నోరు అదుపులో పెట్టుకో! పన్నుల కచేరీ నుంచి కొండలదొరను మాట్లాడుతున్నాను. కాటుకమ్మవి నువ్వేనా?"

ఇనుప గొట్టంలో దూరితే దోమ కూడా ఏనుగులా మాట్లాడుతుంది. కాటుకమ్మ చటుక్కున లేచి నిలబడింది.

"నేనేనండి దొరా, చెప్పండి."

"నుదుట తెల్లచుక్క దూడ నీదేనా?"

"నాదేనండి."

"పదేళ్లుగా గడ్డిపన్ను ఎగ్గొడుతున్నావా లేదా?"

"అయ్యో, ఏటేటా కడుతున్నానండీ! మట్టిబిళ్లలన్నీ దాచాను."

"మట్టిబిళ్లలు వానకు కరిగిపోతాయి. మా దస్త్రాలు కరగవు. మృగరాజు గారు ఉత్తర్వు మీద పంజా ముద్ర వేసేశారు. పొద్దు నడినెత్తికి వచ్చేలోగా కట్టకపోతే నీ దూడను పులిగుహలో ఖైదు చేస్తాం."

నెత్తిన పిడుగు పడితే దురద పెట్టిందని గోక్కునే కాటుకమ్మ ఈ మాటకు కొమ్ములు వాల్చేసింది. దున్నపోతు మీద వాన అంటారు గానీ, తల్లి మీద పడే వాన వేరు.

"ఎన్ని మోపులు దొరా? ఇప్పుడే కోసుకొస్తా."

"గడ్డి తీసుకోవడం మానేశాం. కొత్త పద్ధతి. ఇకనుంచి పన్నంతా గుడ్లలోనే. నీ పక్క పొదలో పదకొండున్నాయి. ఒక్కొక్కటే గొట్టంలో దొర్లించు. వాలు ఇటే, కింద మెత్తగా ఆకులు పరిచాం."

"అవి నావి కావండి. రవ్వమ్మ నన్ను నమ్మి..."

"ఆ కోడితో ఒక్క మాట అన్నావో, దాని మీదా కేసే! ఎవరికీ చెప్పకూడదు. గొట్టం దగ్గర్నుంచి కదలకూడదు. నీ దూడ కావాలా, పరాయి గుడ్లు కావాలా? త్వరగా తేల్చు!"

కాటుకమ్మ మడుగు వైపు చూసింది. దూడ బురదలో పొర్లుతూ ఆడుకుంటోంది. పొద వైపు చూసింది. ఎండుటాకుల మీద పదకొండు గుడ్లు ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఆమె కాలు పొదవైపు ఒక అడుగు వేసింది. రెండో అడుగు ఎత్తింది కూడా.

సరిగ్గా అప్పుడు, పొద్దున మేసిన గరిక ముద్ద కడుపులోంచి గొంతులోకి వచ్చింది. గేదె బుద్ధి కంగారు పడవచ్చు గానీ గేదె కడుపు ఎన్నడూ కంగారు పడదు. నోట్లో నెమరు ఉండగా ఏ పనీ పెట్టుకోకపోవడం ఆ జాతి ఆచారం. ఆవైనా, మేకైనా, జింకైనా, ఎంతటి దొరైనా అంతే. కాటుకమ్మ ఎత్తిన కాలు దించి నమలసాగింది.

"ఏం చేస్తున్నావ్? పలకవేం?"

ముద్దను బుగ్గలోకి తోసి, "నెమరండి" అంది.

"ఉమ్మేసి మాట్లాడు!"

కాటుకమ్మ దవడ ఆగిపోయింది.

నెమరు ఉమ్మేయమనడమా! ఉడికిన అన్నం కుండను వీధిలో పారబొయ్యమన్నట్టుంది. ఆ మాట కోతి అనగలదు, పులి అనగలదు. నెమరేసే నోరు మాత్రం అనలేదు. కాటుకమ్మ గొంతులో తేనె కలిపింది.

"తప్పయిపోయింది దొరా. తమరికి పొద్దుటి నెమరు అయిందాండీ?"

"నెమరా! నాలాంటి పెద్ద ఉద్యోగస్థుడికి అంత తీరికెక్కడిది? నేను నెమరేసి పదేళ్లయింది!"

పదేళ్లు! నెమరు ఆగిన అడవిదున్నకు రెండో రోజుకే పొట్ట ఉబ్బుతుంది. ఆ లెక్కన పదేళ్లంటే ఏడుగుట్టల అడవి ఈపాటికి ఎనిమిదిగుట్టల అడవి అయ్యుండేది!

కాటుకమ్మ విన్న మాటలన్నీ ఒక్కొక్కటే పైకి తెచ్చుకుని మళ్లీ నమిలింది. తెల్లచుక్క దూడా? నీళ్లకొచ్చే ప్రతివాడూ చూసిందే. గుడ్లలో పన్నా? గడ్డి మేసే దొర గుడ్లేం చేసుకుంటాడు? ఎవరికీ చెప్పొద్దా? నలుగురి ముందు పేరు పెట్టి పిలిచే దొరకు ఇవాళ చాటుమాటెందుకు? నమిలిన కొద్దీ చేదు దిగింది. వాలిన కొమ్ములు పైకి లేచాయి. తోక ఒక్క ఊపు ఊపితే ఆ గాలికి అవతలి గుట్ట మీద తుమ్మపూలు రాలాయి.

"దొరా, నా నెమరు కానిచ్చుకుని వస్తాను."

"కదిలావంటే ఖైదే!"

"తమ చిత్తం" అని కాటుకమ్మ గొట్టానికి వీపు తిప్పింది. మడుగు గట్టున నిలబడి రవ్వమ్మను కేకేసింది. కోడి రెక్కలు కొట్టుకుంటూ వచ్చి వాలింది.

"ఏంటక్కా, పామా?"

"పాము కాదే, గొట్టం. కొండలదొరనంటూ ఒకడు నీ గుడ్లు పన్ను కింద కట్టమన్నాడు."

"నా గుడ్లా! వాడి పన్ను పాడుగాను! ఇచ్చావా?"

"ఇవ్వలేదు. కానీ ఒక అడుగు వేశాను. నీ దగ్గర దాపరికం ఎందుకు?"

రవ్వమ్మ మెడ వంచి ఆమెను ఎగాదిగా చూసింది. "వేసిన అడుగు ఆగింది కదా, చాలు. నేను గుడ్ల మీద కూర్చుంటా. నువ్వు అసలు దొరను అడుగు. గొట్టంలో పిలుస్తావా?"

"గొట్టంలో అడిగితే ఆ గొట్టంగాడే జవాబిస్తాడు. నాకు నాలుగు కాళ్లున్నాయి."

కాటుకమ్మ బయల్దేరింది. ఆ నడకకు దారిలో ఒక గుట్ట జరిగి పక్కన కూర్చుంది. వాగు దాటుతుంటే, ముందు ఆమె దాటాలని వాగే ఆగింది. అవతలి ఒడ్డున చుక్కమ్మ అనే జింక ఎదురైంది.

"ఎక్కడికత్తా అంత విసురుగా?"

"కొండలదొర దగ్గరికి. గొట్టంలో ఎవడో దొరనని చెప్పి గుడ్లు అడిగాడే."

చుక్కమ్మ ముఖం మాడిపోయింది. ఏదో అనబోయి గరిక వైపు చూసింది. "అలాగా అత్తా" అని మాత్రం అంది. దొంగకు తేలు కుట్టినట్టుంది ఆ మౌనం. దొంగతనం చేయనివాళ్లకు కూడా ఒక్కోసారి అలా కుడుతుంది.

కొండలదొర కూడలి పక్క నీడలో పడుకుని కళ్లు సగం మూసి నెమరేస్తున్నాడు. కాటుకమ్మ ఎంత కోపంలో ఉన్నా ఆచారం తప్పలేదు. ఆయన ఆఖరి ముద్ద మింగేదాకా ఆగి అంతా చెప్పింది.

"గుడ్లా! ఛీ, ఆ వాసనకే నాకు తల తిరుగుతుంది" అన్నాడు దొర. "అమ్మా, నేను గొట్టంలో పన్ను అడిగింది లేదు, అడగబోయేదీ లేదు. అడగాల్సొస్తే నీ ఎదుటికొచ్చి అడుగుతా. నీ పన్నుకు లోటు లేదు, నీ దూడకు భయం లేదు. వాడిని పట్టడం ఎలా అంటావ్?"

"తమరు అందరినీ వెంటబెట్టుకుని చప్పుడు లేకుండా కింది కొస చేరండి. పై కొస సంగతి నాకు వదిలేయండి."

పొద్దు నడినెత్తికి రావడానికి ఇంకా బారెడు ఉంది. కాటుకమ్మ మడుగు చేరి గొట్టం మీద కొమ్ముతో టంగుమని కొట్టింది.

"ఎంతసేపు! భటులు బయల్దేరుతున్నారు!"

"వచ్చాను దొరా. కానీ కోడి పక్కనే తిరుగుతోంది, గట్టిగా మాట్లాడలేను. రహస్యమని తమరే అన్నారు కదా. తల కాస్త లోపలికి పెట్టండి, చెవిలో చెబుతాను."

"పెట్టాను. చెప్పు."

"ఇంకాస్త దొరా. గుడ్లు దొర్లే వేగానికి పగిలితే ఖజానాకు నష్టం. భుజాల దాకా పెట్టి నోరు తెరిచి ఉంచండి."

గొట్టంలోంచి "ఆఁ" అని వినిపించింది.

అప్పుడు వేసింది కాటుకమ్మ ఒక్క రంకె! ఆ రంకెకు ఆకాశంలో మబ్బు రెండుగా చీలింది. మృగరాజు నిద్రలేచి తన గొంతేనా అని తడుముకున్నాడు. ముప్పై ఏళ్ల తుప్పంతా గొట్టంలోంచి ఒక్కసారిగా ఊడి జంబయ్య నోట్లో, ముక్కులో, చెవుల్లో దూరింది. వాడు వెనక్కి లాగబోయాడు. భుజాలు బిగుసుకున్నాయి. తల లోపల, తోక బయట, కాళ్లు గాల్లో.

వెనకనుంచి బరువైన అడుగులు వచ్చి ఆగాయి.

"లోపల ఎవరు?"

ఏమీ కనబడని జంబయ్య ఆఖరి బెదిరింపు బెదిరించాడు. "నే... నేను కొండలదొరను! ముట్టుకున్నారంటే ఖైదే!"

"అలాగా? మరి నేనెవరినిరా?"

గొట్టంలోంచి సన్నగా, అసలు గొంతుతో: "అయ్యా... తమరేనా?"

కోతులు మిగిలిన తోక పట్టుకుని లాగితే సీసా మూత ఊడినట్టు టప్పున వచ్చాడు. మెడ దాకా ఎర్రటి తుప్పు. అడవంతా పగలబడి నవ్వింది. కాటుకమ్మ లోయలోకి దిగి వచ్చేసరికి జంతువులు దారి ఇచ్చి నిలబడ్డాయి.

ఒక్క చుక్కమ్మ నవ్వలేదు. గుంపులోంచి ముందుకొచ్చింది. "పోయిన వారం నేనూ కట్టాను" అంది. "కౌజుపిట్ట నన్ను నమ్మి కాపలా పెట్టిన నాలుగు గుడ్లు ఈ గొట్టంలోనే దొర్లించాను. పాము తినేసిందని దానికి చెప్పాను. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే అత్త దాకా వచ్చేది కాదు."

గుంపులో గుసగుస మొదలైంది. కాటుకమ్మ వెళ్లి చుక్కమ్మ పక్కన భుజానికి భుజం ఆనించి నిలబడింది. "ఒక అడుగు నేనూ వేశాను" అంది అందరికీ వినబడేలా. "కౌజు దగ్గరికి నేనూ వస్తా, పద. ఇంకెవరైనా కట్టి ఉంటే ఇప్పుడే చెప్పండి. ఇక్కడ తలదించుకోవాల్సిన తల ఒక్కటే ఉంది, అది ఎర్రగా ఉంది."

ఒక మేక ముందుకొచ్చింది. తర్వాత ఒక మనుబోతు, ఆ తర్వాత రెండు కుందేళ్లు.

కొండలదొర తీర్పు చెప్పాడు. "జంబయ్యా, రోజూ మిట్టమధ్యాహ్నం కూడలిలో నిలబడి, ఎవరిని ఏ మాటతో భయపెట్టావో, ఎలా తొందరపెట్టావో, నీ సొంత గొంతుతో వచ్చేపోయేవారందరికీ చెప్పాలి. ఈ అడవిలో పుట్టే ప్రతి పిల్లా వినేదాకా."

తొమ్మిదో రోజున కాటుకమ్మ కూడలికి వచ్చింది. నడకలో రాణీవాసపు ఠీవి. ఆమె వెడల్పాటి వీపు మీద రవ్వమ్మ పిల్లలు పదకొండూ బారులు తీరి కూర్చున్నాయి. కాటుకమ్మ వాటిని జంబయ్య ముక్కుకు జానెడు దూరంలో దించింది. కొండలదొర గిట్ట నేలకు తాటించాడు. జంబయ్య ఊరే నోటిని దిగమింగుకుంటూ, పదకొండు మెత్తటి పిల్లల ముందు మొదలుపెట్టాడు: "బాబూ, ముందుగా నేను దొరనని చెప్తాను..."

నీతి: భయపెట్టి, తొందరపెట్టి, ఎవరికీ చెప్పొద్దన్న మాటను నలుగురిలో నమిలి చూడనిదే మింగకూడదు.