కదంబకుడు చివర దిగిన పడవ

పూర్వం ఘోషవతీ నదీతీరాన వెలసిన చంద్రవాటికాపురాన్ని దండనీతిధురంధరుడైన దృఢసేన మహారాజు పరిపాలిస్తున్న కాలంలో, కదంబకుడనే రేవు నావికుడు పదకొండుగురిని పడవ ఎక్కించుకొని పోతూ, నడిఏట సుడిగుండంలో చిక్కుకొని, ప్రాణభీతితో అందరికంటే ముందు తానే దూకి, ఒంటరిగా ఈదుకుంటూ ఒడ్డెక్కాడు. పదకొండుగురూ జలసమాధి అయ్యారు. అందరూ దిగాకే నావికుడు దిగాలన్నది రేవు ధర్మం. దాన్ని తప్పినవాడికి రాజు విధించిన శిక్ష వింటేనే ఒళ్ళు గగుర్పొడుస్తుంది: ఆషాఢ పౌర్ణమినాటి వరదలో, గెడా తెడ్డూ లేని పడవలో కూర్చోబెట్టి అదే నదిలోకి తోసివేయడం!

చెరలో అతణ్ణి పేరుపెట్టి పిలిచినవాడు లేడు. "ఒరే దూకినోడా, కూడు తిను" అనేవారు భటులు. వినగా వినగా అదే తన పేరనుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. తాటిచెట్టంత ఎత్తున లేస్తున్న అలలను చూసి కదంబకుడి పైప్రాణాలు పైనే పోయాయి. పళ్ళు టకటకలాడుతున్నాయి, కాళ్ళు కదలడం లేదు. భటులు ఈడ్చుకుపోతుంటే, కొడుకును పోగొట్టుకున్న సునంద అనే వృద్ధురాలు అడ్డం వచ్చి మొహాన ఉమ్మింది.

"నా బిడ్డ చెయ్యి చాస్తే చూడకుండా పోయావు కదరా! నిన్ను మింగాకైనా ఈ ఏటి ఆకలి తీరుతుందేమో చూస్తా."

అతని వణుకు చూసి నవ్వినవాళ్ళూ ఉన్నారు. ఒడ్డున నిలబడి నవ్వడానికేం నాయనలారా, ఎవరైనా నవ్వుతారు!

అంతలో, రాలిన ఆకులే ఆహారంగా నూరేళ్ళు తపమాచరించిన శీర్ణపర్ణ మహర్షి జనాన్ని తప్పించుకుంటూ వచ్చి, ఆ పడవలో ఎక్కి కూర్చున్నాడు. శిక్ష అమలు చూడవచ్చిన రాజు హడలిపోయి చేతులు జోడించాడు.

"మహాత్మా! అది వధ్యుడి పడవ. దయచేసి దిగండి."

"రాజా, సూర్యాస్తమయంలోగా ఆవలి ఒడ్డున నేను చాతుర్మాస్య దీక్ష వహించాలి. రేవులో ప్రతి నావికుణ్ణీ బతిమాలాను, వరద చూసి ఒక్కడూ వస్తాననలేదు. నేడు పడవ వేస్తున్నది ఈ కదంబకుడొక్కడే!" అని, ఆ తపోధనుడు తన యోగదండాన్ని అపరాధి ముందుకు చాచాడు. "నాయనా కదంబకా, ఇదే నీ గెడ. పట్టుకో."

"నా చేతికా సామీ? నేను మనుషుల్ని ముంచినోణ్ణి!"

"ముంచావు. ఎవరు కాదన్నారు? గెడ వెయ్యడం మరిచావా, అది చెప్పు."

"మరవలేదు సామీ."

మహర్షి సంకల్పానికి ఎదురాడలేక రాజు తల వంచాడు. భటులు పడవను తోసేశారు.

సుడిగుండం అడుగున, అపరాధులను బంధించడమే వ్రతంగా గల పాశధరుడు, మకరవాహనుడు, వరుణదేవుడు కాచుకొని ఉన్నాడు. పడవ అక్కడికి చేరగానే నల్లని పాశమొకటి నీటిని చీల్చుకుంటూ లేచి, బుసలు కొడుతూ పడవ చుట్టూ తిరగసాగింది. కదంబకుడి కాలు దానంతటదే పడవ అంచు దాటింది. అతనికి ఆ పదకొండుగురి కేకలు వినబడుతున్నాయి.

"దూకితే బతుకుతాను సామీ!" అని గొల్లుమన్నాడు.

"బతుకుతావు," అన్నాడు మహర్షి, బల్లను రెండు చేతులా కరచుకొని. "నిన్ను ఆపే బలం నాకు లేదు. నాకు ఈత రాదు కదంబకా. నాకూ భయంగానే ఉంది."

అతడు ఆ ముసలి చేతులకేసి చూశాడు. కాలు వెనక్కి తీసుకున్నాడు. భయం ఇసుమంతైనా తగ్గలేదు సుమా! ఏడుస్తూనే, వణుకుతూనే గెడను నీళ్ళలోకి దించాడు. పాశం నడుముకు చుట్టుకొని ఎముకలు విరిగేలా బిగిసింది. అయినా పట్టు వదలలేదు. పొద్దు వాలకముందే పడవ ఆవలి ఇసుకను తాకింది.

మహర్షి దిగి, గట్టెక్కి అన్నాడు: "ఇది పరరాజ్యం. దిగి వెళ్ళిపోతే నిన్ను అడిగేవాడు లేడు."

"పడవ ఆ రేవుది సామీ. నా శిక్షా అక్కడిదే. పోతాను."

ఆ మాటకు పాశం సడలింది. నీటి నడుమ వరుణదేవుడు సాక్షాత్కరించి, మేఘగంభీర స్వరంతో "వత్సా! నిన్ను బంధించడానికి వచ్చి నేనే బద్ధుడనయ్యాను. వరం కోరుకో" అన్నాడు.

"నావల్ల పోయిన పదకొండుగురికీ మంచి గతి ఇయ్యి దేవరా. నా భయం తీసెయ్యమని అడగను. భయమేసినా కాలు పడవ దాటకుండా చూడు, చాలు."

"తథాస్తు!" అన్నాడు జలాధిపతి. ఘోషవతి శాంతించింది.

తనంతట తానే తిరిగి వచ్చి, మెడ వంచి నిలబడ్డ అపరాధిని చూసి దృఢసేనుడు కన్నీరు ఆపుకోలేకపోయాడు. "ఏరు విడిచినవాణ్ణి దండించే అధికారం నాకు లేదు. కదంబకా, రేవు మళ్ళీ నీదే" అని శాసించాడు.

మర్నాడు కదంబకుడు పడవ కట్టుకొని కూర్చుంటే మధ్యాహ్నందాకా ఒక్కరూ ఎక్కలేదు. చివరికి సునంద వచ్చింది. చాలాసేపు నిలబడి, కొంగు బిగించి ఎక్కి కూర్చుంది.

"కదంబకా, నా కొడుక్కి అవతలి ఒడ్డున పిండం పెట్టాలి. దాటించు."

కదంబకుడు గెడ వేసి ఏరు దాటించాడు. ఆమె మెల్లగా దిగి, బురద దాటి, గట్టెక్కి, వెనక్కి తిరిగి చూసింది. కదంబకుడు ఇంకా పడవలోనే నిలబడి ఉన్నాడు.