పట్టపుటేనుగుకు రాజభోగం

వెనకటికి కుందనగిరి రాజ్యాన్ని వీరభూపతి అనే రాజు ఏలేవాడు. నలభై ఏళ్లు నిండకుండానే ఆయనకు పొట్ట ముందుకొచ్చింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అయినా తనంతటి బలశాలి లేడని ఆయన నమ్మకం. కాదనే ధైర్యం కొలువులో ఎవరికీ లేదు.

ఆ ఏడు విజయదశమి ఊరేగింపుకు పట్టపుటేనుగు చెంగల్వ మోకరిల్లింది. రాజు నిచ్చెన సగం ఎక్కి, ఊపిరాడక దిగిపోయాడు. జనమంతా చూశారు. ఆయన ముఖం కందగడ్డయింది.

"ఈ ముసలిది సరిగా వంగడం లేదు. అడవికి తోలేయండి!" అని అరిచాడు.

అది మావటి పోలయ్య ముప్పై ఏళ్లుగా కన్నబిడ్డలా సాకిన ఏనుగు. అరవై దాటినా ఒక్కపూట మేత మానలేదు, ఒక్కరోజు కుంటలేదు. ఆ సంగతి ఊళ్లో ఎవరు అడిగినా అడక్కపోయినా చెప్పుకునేవాడు.

మర్నాడు కొలువులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చిత్తం ప్రభూ, పంపించేస్తాను. ఇన్నాళ్లూ మిమ్మల్ని మోసింది కదా, వెళ్లేముందు ఒక్క ఏడాది తమతో సమానంగా రాజభోగం అనుభవించనివ్వండి."

రాజు మీసం దువ్వుకున్నాడు. "మంచిదే. ఏమేం చేస్తావు?"

"పొద్దెక్కేదాకా పడుకోనిస్తాను. ఏటిదాకా నడిపించను. ఆకూ అలమూ మానిపించి నేతి అరిసెలు, పాలకోవా పెడతాను. రోజూ ఒళ్లు రుద్దడం, అరికాళ్లు చూడటం ఆపేస్తాను. జబ్బు చేశాక వైద్యుణ్ణి పిలుస్తాను."

"మతి పోయిందా నీకు? అలా చేస్తే ఆర్నెల్లలో చస్తుంది!"

పోలయ్య తల దించలేదు.

"అంత పెద్ద ఏనుగే ఆర్నెల్లు తట్టుకోలేని భోగాన్ని తమరు పదిహేనేళ్లుగా ఒంటిమీద మోస్తున్నారు. తమ బలం ముందు చెంగల్వ ఎంత ప్రభూ!"

రాజు కాసేపు గుడ్లురిమి చూశాడు. తర్వాత ఆయన పొట్ట కదిలింది, భుజాలు కదిలాయి. పకపకా నవ్వేశాడు.

"వంగనిది చెంగల్వ కాదురా, నేనే! అది ఎక్కడికీ పోదు." చేతి బంగారు కంకణం తీసి పోలయ్యకు తొడిగాడు. "దాన్ని ఏటికి ఎప్పుడు తీసుకెళ్తావు?"

"కోడి కూయగానే ప్రభూ."

"రేపట్నుంచి నన్నూ లేపు. నాకూ నువ్వే మావటివి."

"అంకుశం తెచ్చుకోమంటారా ప్రభూ?"

ఈసారి కొలువంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది రాజే.

మర్నాడు తెల్లవారుతుండగా ఏటిదారిలో ముందు చెంగల్వ, వెనక చెమటలు కక్కుతూ రాజు, ఇద్దరి మధ్యా చేతికి కంకణంతో పోలయ్య. ఆ నడక చూసినవాళ్లకు వాళ్లలో రాజెవరో పోల్చుకోవడం కష్టమైంది.